మూరకు బెత్తెడు ఎక్కువ

ఫిబ్రవరి 9

అమ్మడూ,

నీ మామయ్యని. చింపేముందు సగం దాకా అయినా చదువు.

నువ్వు వెళ్లి మూడేళ్లయింది. రాళ్ల యార్డులో పెద్ద కోత మిషను మీద పని చేస్తున్నావని, ఆ మిషను నడిపే ఆడపిల్లవి నువ్వొక్కదానివేనని మన సంఘంలోని లారీ డ్రైవరు చెప్పాడు. విని రెండు కప్పుల టీ తాగాను. ఒకటి నీ వాటా.

మన ప్రార్థన హాలు పాత రేకుల షెడ్డు తీసేశాం. అదే చోట ఇటుక గోడలు లేస్తున్నాయి. గుమ్మం మాత్రం రాతిది పెట్టాలని నా ఆశ. పూర్వం రాజు ఆలయం కట్టించినప్పుడు రాళ్లన్నీ గనిలోనే చెక్కి తెచ్చారట. కట్టే చోట సుత్తి గానీ ఏ ఇనుప పనిముట్టు గానీ మోగలేదట. మనమూ అలాగే కడదామని అందరిచేతా ఒప్పించాను. కాబట్టి గుమ్మం రాళ్లు అక్కడే తయారై, ఇక్కడికొచ్చి ఊరికే కూర్చోవాలి.

నిలువు రాళ్లు రెండు, గడపకి అటూ ఇటూ నిలబెడితే ఐదు మూరల ఎత్తు గుమ్మం రావాలి. వెడల్పు రెండున్నర మూరలు. పైన అడ్డరాయి, కింద గడప. మూర అంటే నా మూరే. పని నేర్పిన మొదటి రోజు నా మోచేతి నుంచి నడివేలి కొస దాకా కొలిచి, రెండు ముళ్లు వేసి నీకు తాడు ఇచ్చాను, గుర్తుందా? పారేసి ఉండవు. నాకు తెలుసు.

ఇంకెవరిచేతనైనా చేయించొచ్చు. నాకు నీ చేతి పనే కావాలి.

దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకో.

మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

చింపలేదు. రెండుసార్లు చదివి పరుపు కింద పెట్టాను. మా గదిలో నాలుగు మంచాలు, ఒక ఫ్యాను, ఒక కిటికీ. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యను. ఫోనులో అయితే అరుస్తాను. కాగితం మీద అరిస్తే నీకు మడిచి పక్కన పెట్టుకునే వీలుంటుంది.

ముందు ఇది చెప్పు. ఉత్తరం ఎవరు రాశారు? నీ రాత నాకు తెలీదా? గోడ మీద బొగ్గుతో నువ్వు కొలతలు రాస్తే అచ్చు గుద్దినట్టుండేవి. ఇది కోడి కెలికినట్టుంది. కుర్చీ పెద్ద చెప్తుంటే వాళ్లింట్లో ఎవరైనా రాశారా? సంఘమంతా చాపల మీద, ఆయనొక్కడూ కుర్చీలో. అది ఇంకా అలాగే నడుస్తోందా?

ఇక నీ గుమ్మం. దేవుడికి ఇల్లెందుకు మామయ్యా?

నేను తొమ్మిదితో చదువు ఆపేసినదాన్ని. అయినా ఇక్కడ మధ్యాహ్నం అరగంట విరామంలో గ్రంథం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. పేజీ తిప్పితే రాతిపొడి రాలుతుంది. మొదట గుడారం. అది జనంతో పాటు నడిచింది. తర్వాత బంగారు రేకులు తొడిగిన ఆలయం. అది కూలింది. మళ్లీ కట్టారు. అప్పుడు దేవుని కుమారుడు వచ్చి, ఈ ఆలయం పడగొట్టండి, మూడు రోజుల్లో లేపుతానన్నాడు. ఆయన అన్నది తన ఒంటి గురించి. వాళ్లు రాళ్ల వైపు చూశారు. ఆయన ప్రాణం విడిచినప్పుడు ఆలయం లోపలి గదికి కట్టిన తెర పైనుంచి కిందికి చిరిగింది. పైనుంచి! మనిషి చెయ్యి అందే చోటు నుంచి కాదు. లోపల, బయట అనే మాట అక్కడితో సరి. తర్వాత మన ఒళ్లే ఆలయం అన్నారు. చిట్టచివర పైనుంచి దిగే పట్నంలో ఆలయమే లేదు, వెతుక్కున్నా కనపడదు.

మరి ఆ చిరిగిన తెర మళ్లీ ఎవరు కుట్టారు?

నేను చెప్తాను. మూడేళ్ల కిందట ఆ ఆదివారం టైల్సు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, ఆలస్యమవుతుందని పనిబట్టలతోనే ప్రార్థనకొచ్చాను. జుట్టంతా టైల్సు దుమ్ము. కుర్చీ పెద్ద పాట ఆపించాడు. "ఏంటమ్మా ఆ అవతారం? కడుక్కుని రా" అన్నాడు. "మనిషిని మట్టితోనే చేశాడు కదండీ, దేవుడికి దుమ్ము కొత్తా?" అన్నాను. "ఎంత నోరు! బయట నిలబడు" అన్నాడు. నువ్వు రెండో వరసలో ఉన్నావు. నేల చూశావు. నీ చేత్తో నువ్వు గచ్చు చేసిన నేల. అందులో కొత్తగా చూడ్డానికి ఏముంది?

పాట అయ్యేదాకా బయటే నిలబడ్డాను, నువ్వు వస్తావని.

రాళ్లు కోస్తాను. నువ్వడిగావు గనక. ఆ హాలు కోసం కాదు. ఇంత పెద్ద ఉత్తరంలో నన్ను రమ్మని ఒక్క ముక్క రాయలేదు. గమనించాను.

టపాకాయ
(నువ్వు పెట్టిన పేరే)


మార్చి 3

టపాకాయకి,

రాత నాదే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ రాయలేదు. వంకర పోయింది, అంతే. దాని గురించి మళ్లీ అడగకు.

నువ్వు రాసినవన్నీ నిజం. నేను కాదనను. ఆలయం కడతానని ఆ రాజు తండ్రి ముచ్చటపడితే, "నాకు ఇల్లు కట్టమని నేనెప్పుడైనా అడిగానా?" అన్నాడు దేవుడు. ఆయనకి అక్కర్లేదు. అక్కర మనది. నలభై ఏళ్లు గోడలు కట్టాను అమ్మడూ, ఒక్క ఇటుక ఎప్పుడూ గోడ కాలేదు. శిష్యుడు మనల్ని ప్రాణమున్న రాళ్లన్నాడు. రాయి పక్కన రాయి కూర్చుంటేనే ఇల్లు. మీరు దేవుని ఆలయం అన్న మాట కూడా ఒంటరి మనిషికి రాసింది కాదు, కొట్టుకు చస్తున్న ఒక సంఘం మొత్తానికి రాసింది. నీ ఒక్కదాని ఒంట్లో ఆలయం ఉందని నువ్వు అక్కడ, మా నాలుగు గోడల మధ్య ఉందని మేమిక్కడ. రెండు చోట్లా సగం సగమే ఉన్నట్టుంది నాకు.

ఒక కీర్తన ఉంది. దుర్మార్గుల గుడారాల్లో కాపురం కంటే దేవుని ఇంటి గడప దగ్గర నిలబడటమే మేలని. రోజూ తలుచుకుంటాను. ఆ ఆదివారం గడప దగ్గర నిలబడింది ఎవరో నాకు తెలుసు.

మిగతాది ఇప్పుడు రాయలేను. చెయ్యి నొప్పిగా ఉంది.

గోడలు లేచాయి. గుమ్మం చోట పైన చెక్క ఆనించి, దాని మీద మూడు వరసలు కట్టేశాం. కింద ఖాళీ, ముందు పన్ను ఊడిన నోరులా. పొద్దునే వెళ్లి దాని ముందు నిలబడతాను. రాళ్ల కోసమే అనుకుంటున్నారు అందరూ.

మామయ్య


మార్చి 25

మామయ్యా,

చెయ్యి నొప్పి! నలభై ఏళ్లు ఇటుకలు మోసిన చెయ్యి. గడప గురించి పేజీ నిండా రాయగలిగింది, "రా" అని ఒక్క మాట రాయమంటే నొప్పి వచ్చింది. బాగుంది.

రాళ్లు అయిపోయాయి.

మా సూపర్వైజరుని టేపు బాబాయి అంటాం. మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. నీ తాడు చూసి నవ్వాడు.

"ఏంటమ్మా ఇది, బొంగరం తాడా?"

"మా మామయ్య చెయ్యి."

"చెయ్యా! మిల్లీమీటర్లలో చెప్పు తల్లీ. మిషనుకి మేనమామలుండరు."

తాడుని బల్ల మీద బిగించి, ముడి నుంచి ముడికి మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ ఒక్కటే వచ్చింది. వారం రోజులు షిఫ్టు అయ్యాక గంటసేపు మిషను నాకు వదిలాడు. బూడిద రంగు రాయి, మధ్యలో సన్నటి నల్ల చార. బ్లేడు మీద నీళ్లు పడుతుంటాయి, చీలమండల దాకా తెల్లటి రాతి బురద. ఆ మోతలో ఏం మాట్లాడినా ఎవరికీ వినపడదు. నీతో చాలా మాట్లాడాను. ఎక్కువ తిట్లే.

గడప మాత్రం మిషనుకివ్వలేదు. అంచు చేత్తో అరగదీశాను. ఎవరో ఒకరు కూర్చుంటారు కదా దాని మీద, కాలికి గీసుకోకూడదు.

పని మధ్యలో ఒకసారి తాడు నా మోచేతికి ఆనించి చూశాను. నా నడివేలు అయిపోయాక కూడా నువ్వు ఇంకా ఉన్నావు, బొటనవేలంత దూరం. గోడ నిలువు చూసే గుండు తాడు దించడం నేర్పినప్పుడు ఆ వేళ్లే పట్టుకున్నాను. "ఊగనీ, తొందరేం లేదు, అదే ఆగుతుంది" అనేవాడివి. నాది ఇంకా ఆగలేదు మామయ్యా.

శనివారం లారీ బయలుదేరుతుంది. నీ రాజు ఆలయంలోలా ఏ చప్పుడూ లేకుండా కూర్చుంటాయి. నా పని అది.

టపాకాయ


ఏప్రిల్ 6

అమ్మడూ,

రాళ్లొచ్చాయి. ఆరుగురు దించారు. చుట్టిన గోనెలు విప్పాం. గడప అంచు మీద అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఒక చిన్న సంగతి. రాళ్లు మన గుమ్మానికి కొంచెం పెద్దవయ్యాయి. వెడల్పులో బెత్తెడు, ఎత్తులో జానెడు. ఇక్కడ కొయ్యడానికి లేదు, ఇనుము మోగకూడదన్నాం కదా. కుర్చీ పెద్ద, వీటిని వెనక్కి పంపేసి కొట్లో చెక్క గుమ్మం తెద్దామంటున్నాడు. నేను ఆలోచిస్తున్నాను. నువ్వేం మనసులో పెట్టుకోకు. అందరికీ పొరపాట్లు జరుగుతాయి.

మామయ్య


ఏప్రిల్ 12

మామయ్యా,

నాకు పొరపాటు జరగలేదు.

నువ్వేం రాశావో నీకు తెలుస్తోందా? జానెడు! ఈ యార్డులో వెంట్రుకంత తేడా వస్తే రాయి పగలగొట్టి పారేస్తారు. నేను జానెడు తప్పుతానా? నీ ఉత్తరం పట్టుకుని టేపు బాబాయి దగ్గరికి పరిగెత్తాను. తాడు మళ్లీ కొలిచాం. లెక్క మళ్లీ వేశాం. నా రాయి నీ మూరే. తప్పింది మీ గోడ. కుర్చీ పెద్ద చోటు తగ్గించి కట్టించాడేమో, మూడేళ్ల కిందట చేసినట్టే.

మొదట నన్ను బయట నిలబెట్టారు. ఇప్పుడు నా రాళ్లని. అప్పుడు నేల చూశావు. ఇప్పుడు "ఆలోచిస్తున్నావు". నువ్వు అడిగావని కోశాను. ఆ వారమంతా పిచ్చిదానిలా ఏమనుకున్నానో తెలుసా? ఈ గుమ్మం నిలబడితే, ఏదో ఒక రోజు దాని కింద నుంచి నేనూ లోపలికి నడుస్తానని. నాకు లోపల అక్కర్లేదని అంత రాశానే, అదంతా అబద్ధం. నాకు కావాలి. మన చాప మీద, నీ పక్కన, గొంతు కలవకుండా పాడే నీ పాట పక్కన.

పంపేయండి. ఇక్కడ ముక్కలు చేసి రోడ్డుకి వేస్తారు. నాకు ఇంక రాయకు.


ఏప్రిల్ 15

మామయ్యా,

మొన్నటి ఉత్తరం, ఇది ఒకేసారి అందొచ్చు. మొదటిది పక్కన పెట్టు.

ఇవాళ విరామంలో టేపు బాబాయి నా పక్కన కూర్చుని అన్నాడు, "పని తప్పితే ఒకచోట తప్పుతుంది. ఇది అన్నిచోట్లా ఒకే వంతున తప్పింది. చెయ్యి కాదమ్మా తప్పింది, కొలబద్ద."

ఐదు మూరలకి జానెడు అన్నావు. రెండున్నరకి బెత్తెడు. రెండూ వేసి చూశాను. మూరకి అంగుళంన్నర. గోడ కొలిచిన మూర నా తాడు కంటే అంగుళంన్నర పొట్టి.

గోడ కొలిచింది నువ్వు. నీ మూరతో, నీ చేత్తో. ఇంకెవరినీ కొలవనివ్వవు.

మోచేతి ఎముక కురచ అవదు, తగ్గితే వేళ్లే తగ్గాలి. నా నడివేలు కొస నుంచి అంగుళంన్నర గుర్తు పెట్టుకున్నాను. రెండో కణుపు దగ్గరికి వచ్చింది.

కోడి కెలికిన రాత. చెయ్యి నొప్పి. ఆరుగురు దించారన్నావు, నువ్వు పట్టావని రాయలేదు. రాయి వస్తే నువ్వు పట్టకుండా ఉండటమా?

మామయ్యా, నీ వేళ్లు ఏవి?


ఏప్రిల్ 24

అమ్మడూ,

లేవు.

కుడిచేతివి మూడు. చూపుడు, నడిమి, ఉంగరం వేలు, నువ్వు లెక్కేసినట్టే రెండో కణుపు దాకా. నవంబరులో పోయాయి. పాత షెడ్డు గుమ్మం మీద ఇనుప దూలం ఉండేది కదా, సుత్తి వాడకుండా చేత్తోనే దించుదామన్నాను. చప్పుడు వద్దని పట్టుబట్టింది నేనే. దూలం జారింది. గాయం మానిపోయింది, కంగారు పడకు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే మర్నాడే వచ్చేస్తావు. జాలితో వస్తావు. నాకు అలా వద్దు. నిన్ను బయట నిలబెట్టిన గుమ్మం పోయి, నీ చేతి గుమ్మం నిలబడ్డాక, దాని కింద నిలబడి పిలుద్దామనుకున్నాను. అందుకే ఆ ఒక్క మాట దాచుకున్నాను. అది నువ్వు ఇంకోలా చదువుకున్నావు. తప్పు నీది కాదు. మూడేళ్ల కిందట మాట్లాడనివాడి మౌనాన్ని ఎవరైనా అలాగే చదువుతారు.

ఎడమచేత్తో రాస్తున్నాను. పేజీకి ఒక పూట పడుతుంది.

గోడ మాత్రం కుడిచేత్తోనే కొలిచాను. అలవాటు. మోచెయ్యి ఆనిస్తాను, చెయ్యి చాస్తాను, ముందుకు పోతాను. వేళ్లు ఉన్నాయనే అనుకుంటుంది చెయ్యి. లేని వేళ్లు ఇప్పటికీ దురద పెడతాయి. కొలత తప్పానని నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు, పొరపాటు నీదనుకున్నాను. అది కూడా క్షమించు. నీ తాడులో ఉన్నది నా చెయ్యి నిండుగా ఉన్నప్పటి మూర. అది నీ దగ్గర భద్రంగా ఉంది. కురచైంది ఇక్కడ మేమే.

మొన్న ఆదివారం పాట అయ్యాక లేచి నిలబడ్డాను. చెయ్యి ఎత్తి చూపించాను. "ఈ గోడ ఈ చేత్తో కొలిచాను. ఆ రాళ్లు మంచి చేత్తో కొలిచినవి. ఏది మార్చమంటారు?" అన్నాను. కుర్చీ పెద్ద, "కట్టిన గోడ ముట్టుకోవద్దు" అన్నాడు. అప్పుడు ప్రవక్త చూసిన ఆలయం గుర్తు చేశాను. ఆ దర్శనంలో ఒకాయన కొలకర్ర పట్టుకుని అంతా కొలుచుకుంటూ పోతాడు. ఆయన మూర మన మూర కాదు. మూరకు బెత్తెడు ఎక్కువ. "దేవుని ఇంటిని మనిషి చేతి కంటే బెత్తెడు ఎక్కువే కొలవాలేమో. మనం కురచ చేత్తో కొలుస్తున్నాం. ఒక పిల్ల తలలో దుమ్ము చూసి, ఇక్కడ పట్టదని బయట నిలబెట్టాం. ఆ రోజు నేను నేల చూశాను. నేల చూడ్డానికి వేళ్లు పోనక్కర్లేదు, నేను అప్పటికే కురచగా ఉన్నాను" అన్నాను. 

ముందు లారీ డ్రైవరు లేచాడు. తర్వాత చాపలన్నీ ఖాళీ అయ్యాయి. ఇటుకల మధ్య సిమెంటు కాదు, మట్టే, నీళ్లు పోసి నానబెట్టాం. ఒక్కో ఇటుకా చేత్తోనే తీశాం. ఇనుము మోగలేదు.  కాసేపయ్యాక కుర్చీ పెద్ద తన కుర్చీ తెచ్చి గోడ పక్కన పెట్టి వెళ్లాడు. పై మూడు వరసలు అందడానికి సరిగ్గా సరిపోయింది.

నిలువు రాళ్లు నిలబెట్టాం. అడ్డరాయి ఎక్కింది. నీ అతుకుల్లో వెంట్రుక దూరదు.

గడప ఆపాను. అది ముందు వేస్తారని నాకు తెలీక కాదు. నిలువు రాళ్ల మధ్యకి జరిపి కూర్చేలా చోటు వదిలాను. గడప కూర్చాలంటే ఇద్దరుండాలి. లోపల ఒకరు, బయట ఒకరు.

నువ్వు లోపల వైపు ఉండు తల్లీ. బయట నేను నిలబడతాను.

రా.

మామయ్య


ఏప్రిల్ 30

మామయ్యా,

ముందు తిట్లు. ఆలయం కట్టేటప్పుడు ఇనుము మోగలేదని ఉంది. కూల్చేటప్పుడు మోగకూడదని ఎక్కడుంది? చూపించు! వాక్యం సగం చదివి మూడు వేళ్లు పోగొట్టుకున్నావు. ఒళ్లు ఆలయమైతే అందులో మూడు స్తంభాలు విరిగితే ఇంట్లోవాళ్లకి చెప్పరా? ఆరు నెలలు! ఇంకా ఉన్నాయి తిట్లు. అవి వచ్చాక.

టేపు బాబాయి రెండు వారాలు సెలవిచ్చాడు. "మేనమామ లేనిది మిషనుకి. నీకున్నాడుగా, పో" అన్నాడు.

శనివారం షిఫ్టు దిగి తిన్నగా రాళ్ల లారీ ఎక్కుతాను. ఆదివారం ప్రార్థన వేళకి మీ దగ్గర దిగుతాను. కడుక్కునే టైముండదు. జుట్టు నిండా దుమ్ముంటుంది. గుమ్మం పట్టేంత ఉందన్నావుగా, చూద్దాం.

గడప ఎవరినీ ముట్టుకోనివ్వకు. బరువు ఎడమ వైపు ఎక్కువ, ఆ వైపు నేను పడతాను.

తాడు తెస్తున్నాను. గడప కూర్చాక దాని మీద తాడు పరుస్తాను, పక్కన నీ కుడిచెయ్యి ఆనించు. ముడి దాకా మిగిలిన చోట నా వేళ్లు పెడతాను.

టపాకాయ